ఏడేళ్ల పాపకి ఇంట్లో చరిత్ర: పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

ఏడేళ్ల పాపకి ఇంట్లో చరిత్ర చెప్పడానికి ఎలాంటి పుస్తకం కొనాలని అడిగారు. మీరు కొన్న మూడు పుస్తకాలూ రాజుల పేర్లు, సంవత్సరాలతోనే మొదలవుతున్నాయని రాశారు. చిక్కు అక్కడే. ఏడేళ్ల పిల్లకి ‘2000 ఏళ్ల క్రితం’ అన్నా ‘తాతయ్య చిన్నప్పుడు’ అన్నా ఒకటే.

1. ముందు మన విజయవాడ చుట్టుపక్కల చూపించండి. ఉండవల్లి గుహలు, తర్వాత అమరావతి స్థూపం. ఆ స్థూపం శిల్పాలు చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయని చెప్పండి. ‘ఎందుకు తీసుకెళ్లారు?’ అంటుంది. అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే పుస్తకం వెతకండి.

2. అందరూ వదిలేసేది ఇదే. కొనే ముందు, షాపులోనే, మధ్యలోంచి ఒక పేజీ పాపకి గట్టిగా చదివి వినిపించండి. మొదటి పేజీ వద్దు, అది అందరూ బాగానే రాస్తారు. పుస్తకం మూసి ‘ఏం జరిగింది?’ అని అడగండి. తన మాటల్లో చెబితే కొనండి. దిక్కులు చూస్తే అక్కడే పెట్టేయండి. నేను అట్ట చూసి మోజుపడి ఒక పెద్ద సెట్టు తెచ్చాను. ఇప్పుడది కూలర్ కింద ఎత్తుకి పనికొస్తోంది.

3. ఏది కథో, ఏది ఆధారం ఉన్నదో విడిగా చెప్పని పుస్తకం వద్దు.

4. గోడకి ఒక తాడు కట్టండి. జానెడు అంటే 100 ఏళ్లు. బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపిన 1921 ఒక జాన దూరం. ఉండవల్లి దాదాపు పదహారు జానలు.

కొత్తవే కొనక్కర్లేదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల షాపుల్లో ఓపిగ్గా వెతకండి, పాపని వెంటబెట్టుకుని.