మీ కుక్కకి పార్కు పడుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము రాజమండ్రిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా బంటిగాడు లాబ్రడార్ క్రాస్, మగది, మూడేళ్ళు. దసరాకి హైదరాబాద్‌లో మా బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడు కొండాపూర్‌లో ఉన్న కుక్కల పార్కుకి తీసుకెళ్ళాం. పది నిమిషాలు హుషారుగానే తిరిగాడు. తరవాత రెండు పెద్ద కుక్కలు వెంటపడేసరికి వచ్చి నా కాళ్ళ మధ్య దూరాడు. అక్కడున్న ఒకాయన "వదిలేయండి, వాటి సంగతి అవే చూసుకుంటాయి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం గేటు దగ్గర ఏ కుక్క కనపడినా మొరుగుతున్నాడు, ఇంతకుముందు ఆ అలవాటు లేదు. ఇప్పుడు మా అసోసియేషన్ వాళ్ళు పక్కన ఖాళీ స్థలానికి కంచె వేసి కుక్కల పార్కు చేద్దాం, ఇంటికింత వేసుకుందాం అంటున్నారు. మా బిల్డింగులో తొమ్మిది కుక్కలున్నాయి. బంటికి ఫ్రెండ్స్ దొరుకుతారని మా ఆవిడ సంబరం. నాకేమో టెన్షన్. డబ్బులివ్వమంటారా?

జవాబు: డబ్బుల సంగతి చివర్లో చూద్దాం బాబూ, ముందు ఆ "అవే చూసుకుంటాయి" అన్నాయన సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ మాట నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, ఈ మాట నమ్మి చెవి తెగిన కుక్కలకి కుట్లు వేసిందీ నేనే. వీధి కుక్కలు వాటి సంగతి అవి చూసుకుంటాయి, నిజమే. అవి రోజూ ఒకదాన్నొకటి చూసుకునే కుక్కలు, ఎవరి వీధి ఎవరిదో వాటికి తెలుసు, అన్నిటికంటే ముఖ్యం, బలం లేనిది పారిపోవచ్చు. సందులో దూరి పోతుంది, కథ అయిపోతుంది. కంచె వేసిన పార్కులో ఆ దారి లేదు. పైగా అక్కడికి వచ్చేవి ముందెప్పుడూ మొహం చూసుకోని కుక్కలు. పారిపోయే చోటు లేనప్పుడు భయపడిన కుక్కకి మిగిలేవి రెండే, మీ కాళ్ళ మధ్య దూరడం లేదా పళ్ళు చూపించడం. మీవాడు మొదటిది చేశాడు, మంచివాడు. ఇంకో నాలుగుసార్లు తీసుకెళ్ళి వదిలేస్తే రెండోది నేర్చుకుంటాడు. గేటు దగ్గర మొరగడం దానికి మొదటి మెట్టు: "దూరంగా ఉండు" అని ముందే చెప్పేస్తున్నాడు, అంతే.

అసలు ఈ పార్కుల ఆలోచన మనది కాదు. అమెరికాలో, కుక్కని ఎప్పుడూ తాడుతోనే తిప్పాలని రూలున్న ఊళ్ళలో, కాసేపైనా విప్పి వదలడానికి ఒక చోటు కావాలని మొదలైంది. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ఊళ్ళో 1979లో పెట్టినదాన్ని మొదటిదిగా చెబుతారు. మీరు చూసిన కొండాపూర్ పార్కుని జీహెచ్ఎంసీ వాళ్ళు 2018లో తెరిచారు, అంతకుముందు అది చెత్త పోసే స్థలం, దాదాపు ఎకరం మీద ముప్పై సెంట్లు. హైదరాబాద్‌లో పదో అంతస్తులో ఉండే కుక్కకి అలాంటి చోటు అవసరమే, నేను కాదనను. ఉరకడానికి ఇంకెక్కడుంది పాపం.

కానీ మనిషి అనుకునేదేమిటంటే, కుక్క అన్నాక ఇంకో కుక్క కనపడితే సంతోషమే అని. చిన్నప్పుడు చాలావాటికి అంతే. రెండు మూడేళ్ళు దాటేసరికి ఎక్కువ కుక్కలు మనలాగే అయిపోతాయి, తెలిసిన ఒకరిద్దరు చాలు, కొత్తవాళ్ళ గుంపులో ఇబ్బంది. పెళ్ళిలో భోజనాల దగ్గర అందరినీ పలకరించేవాడు ఒకడుంటాడు, మూల కుర్చీలో కూర్చుని తినేసి వెళ్ళిపోయేవాడు ఒకడుంటాడు, ఆ రెండోవాడికి జబ్బేమీ లేదు కదా. బంటి రెండో రకమేమో అని నా అనుమానం. ఒక్కసారి చూసి తేల్చేయకూడదు కాబట్టి ఇంకో పరీక్ష చెబుతాను.

మీ తొమ్మిదిట్లో నెమ్మదస్తురాలైన ఒక్కదాన్ని ఎంచుకోండి, టీకాలన్నీ వేయించినదాన్ని. ఇద్దరు యజమానులూ తాళ్ళు పట్టుకుని ఒకే దిక్కుగా, పక్కపక్కన కాస్త ఎడంగా నడవండి, ఎదురెదురుగా వద్దు. నాలుగైదు రోజులు అలా నడిచాక డాబా మీదో ఆ ఖాళీ స్థలంలోనో రెండిట్నే వదలండి. ముందుకాళ్ళు వంచి వెనక ఎత్తి వంగిందంటే అది ఆటకి పిలుపు. ఆట మంచిగా సాగుతుంటే వంతులుంటాయి, కాసేపు ఇది తరుముతుంది, కాసేపు అది, మధ్యలో ఆగి ఒళ్ళు దులుపుకుంటాయి, మూతులు తెరిచి వదులుగా ఉంటాయి. ఒళ్ళు కర్రలా బిగిసి, నోరు మూసుకుని, తోక నిటారుగా నిలబెట్టి చూస్తోందంటే ఆట అయిపోయిందని. తోక ఊపితే సంతోషమేనని అందరూ అనుకుంటారు, అది కూడా పూర్తిగా నిజం కాదు, బిగించి టకటకా ఊపే తోకని చూస్తే నేనైతే వెనక్కి తగ్గుతాను. అనుమానంగా ఉంటే తరిమేదాన్ని పట్టుకుని ఆపండి. తరిమించుకున్నది మళ్ళీ దాని దగ్గరికే వస్తే సరదాగానే ఉందని లెక్క. దొరికిందే సందని మీ దగ్గరికి వచ్చేస్తే ఇంటికి తీసుకుపోండి. రెండో కుక్కతో బాగుంటే మూడో దాన్ని కలపండి. మూడు దగ్గర ఆగిపోయినా తప్పేమీ లేదు, మీ ఆవిడ అడిగిన ఫ్రెండ్స్ ఆ ఇద్దరే.

ఇక స్థలం. మన డెల్టాలో నల్లమట్టి, వాన పడితే వారం దాకా నీరు ఇంకదు, ఎలకలకి కొదవ లేదు. ఎలక ఉచ్చ కలిసిన నిలవ నీటిలోంచి లివరునీ కిడ్నీలనీ దెబ్బతీసే లెప్టోస్పైరోసిస్ జబ్బు వస్తుంది, కుక్కకీ వస్తుంది, దాన్ని కడిగే మీకూ వస్తుంది. కుక్కపిల్లలకి వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఒకసారి మట్టిలో పడితే నెలల తరబడి ఉండిపోతుంది. గడ్డి పెరగనిస్తే గోమార్లు, వాటి వెనకాల జ్వరాలు, రక్తం తగ్గిపోవడం. కాబట్టి కంచె కంటే ముందు మెరక చెయ్యడానికి డబ్బు పెట్టమనండి, రెండు ట్రాక్టర్ల మట్టి తోలితే అయ్యేది కాదు, నీరు పోయే దారి కావాలి. గేటు ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి రెండుండాలి, లేకపోతే ఒకడు లోపలికి వస్తుంటే ఇంకోటి రోడ్డు మీదికి దూకుతుంది. చిన్న కుక్కలకి విడిగా అడ్డు కట్టాలి. టీకా కార్డు చూపించని కుక్కకి ప్రవేశం లేదని, ఎదకొచ్చిన ఆడకుక్కని ఆ మూడు వారాలూ తీసుకురాకూడదని, మలం ఎవరిది వాళ్ళే ఎత్తాలని బోర్డు మీద రాయించాలి. రాయించడం తేలికే. పార్కింగులో బండి అడ్డంగా పెట్టొద్దన్న బోర్డుకి మీ బిల్డింగులో ఎంత గౌరవముందో ఒకసారి చూసుకుని, అప్పుడు డబ్బులివ్వండి.

లోపల బంతులు, బొమ్మలు, బిస్కట్లు వద్దు. దెబ్బలాటల్లో సగం వాటికోసమే. ఒకవేళ పట్టుకున్నాయే అనుకోండి, మెడ దగ్గర చెయ్యి మాత్రం పెట్టకండి, ఎంత ప్రేమ కుక్కయినా ఆ క్షణంలో చేతిని చూడదు. బకెట్టు నీళ్ళు మొహాల మీద కొట్టండి, ఎక్కువసార్లు విడిపోతాయి. మనిషికి పన్ను తగిలితే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని కడగాలి, తరవాత అదే రోజు ఆసుపత్రికి. సున్నం, పసుపు, కారం ఏదీ పెట్టకూడదు. "మన అపార్ట్‌మెంట్ కుక్కేగా, టీకా వేశాంగా" అని మీరే తీర్పు చెప్పుకోకండి, ఇంజెక్షన్ కావాలో అక్కర్లేదో ఆసుపత్రిలో డాక్టరు చెబుతారు.

పార్కు లేకపోతే బంటికి ఏమిటి దారి అంటారా? మీరున్నది రాజమండ్రి బాబూ. ఏటిగట్టు ఉంది. తెల్లవారి ఐదున్నరకి పొడుగు తాడు కట్టి తీసుకెళ్ళి, వాడు ఎక్కడ ఆగితే అక్కడ ఆగి వాసన చూడనివ్వండి. మనం నడకని కిలోమీటర్లలో లెక్కేస్తాం, కుక్కకి లెక్క ముక్కుతో. నలభై నిమిషాలు వాసన చూసొచ్చిన కుక్క ఇంటికొచ్చి ఎలా పడుకుంటుందో వారం రోజులు చేసి చూడండి. ఘాట్ల దగ్గర జనంలోకి మాత్రం తీసుకెళ్ళకండి. గేటు దగ్గర మొరుగుడుకి తిట్టొద్దు, అవతలి కుక్క దూరంగా కనపడగానే, వాడింకా నోరు తెరవకముందే, ఒక చిన్న చికెన్ ముక్క పెట్టండి. తిడితే "కుక్క కనపడితే నాకు తిట్లు" అని నేర్చుకుంటాడు.

ప్రశ్న: మాది పాలకొల్లు. డెబ్బై రోజుల షీట్జూ జాతి కుక్కపిల్లని తెచ్చుకున్నాం, ఒక ఇంజెక్షన్ అయింది. పక్కింటావిడ, అన్ని ఇంజెక్షన్లూ అయ్యేదాకా గడప దాటనివ్వద్దు అంటున్నారు. మా చెల్లి విశాఖలో ఉంటుంది, చిన్నప్పుడే నాలుగు కుక్కల్లో కలపకపోతే పిరికిదవుతుంది, ఎక్కడైనా పార్కుకి తీసుకెళ్ళు అంటోంది. ఎవరి మాట వినాలి సార్?

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టమ్మా. పిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకం పరిచయమయ్యే వయసు, ఆ రోజుల్లో చూసినవాటికి తరవాత అంతగా భయపడదు. మీకు ఇంక నాలుగు వారాలే ఉన్నాయి. అలాగని కింద వదిలితే పార్వో భయం. అందుకని గడప దాటించండి, నేల మీద దించకండి. స్కూటీ మీద మీరు వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకుని బస్టాండు దాకా తిప్పండి, చేపల లారీల హారన్లు, గుడి దగ్గర మేళం, కొబ్బరికాయలు దించే చోట చప్పుడు, గొడుగు పట్టుకున్న మనిషి, గడ్డం తాతగారు, చిన్నపిల్లలు, అన్నీ దూరం నుంచి చూడనివ్వండి. టీకాలన్నీ ఉన్న, కుక్కపిల్లల్ని ఓర్చుకునే పెద్ద కుక్క తెలిసినవాళ్ళింట్లో ఉంటే ఆ ఇంటికి తీసుకెళ్ళి కింద వదలొచ్చు. టీకా మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి, మూడు నెలలు నిండాక రేబీస్‌ది విడిగా.

పార్కు మాట ఇప్పుడు మర్చిపోండి. పెద్దయ్యాక కూడా ఈ జాతి ఒక పెద్ద పిల్లి అంతే ఉంటుంది, కీచుమంటూ పరిగెత్తితే కొన్ని పెద్ద కుక్కలకి అది కుక్కలా కాదు, వేటలా కనపడుతుంది. ఇంకో విషయం, మూతి నొక్కుకుపోయిన జాతులకి మన వేసవి నరకం. కుక్క ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చి వేడి దించుకోవాలి, గాలిలో తేమ ఎక్కువైతే ఎంత వగర్చినా వేడి దిగదు. పాలకొల్లులో మే నెల ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా. పొద్దున్న ఏడు లోపల, లేదంటే చీకటి పడ్డాక. రోడ్డు మీద మీ అరచెయ్యి ఏడు సెకన్లు ఆన్చలేకపోతే దాని కాళ్ళు కూడా ఆన్చలేవు.

ప్రశ్న: అయ్యా, అంబాజీపేట దగ్గర మాకు మూడెకరాల కొబ్బరి తోట. మకాం దగ్గర కాపలాకి నాటు కుక్క ఉంది, పగలు గొలుసు, రాత్రి విప్పుతాం. మా అమ్మాయి అమెరికా నుంచి వీడియో కాల్‌లో దాన్ని చూసి, "నాన్నా, దానికి తోటి కుక్కలు లేవు, ఇక్కడైతే పార్కుకి తీసుకెళ్తాం" అని రోజూ గొడవ. మూడెకరాల తోటలో ఉన్న కుక్కకి పార్కేమిటండీ, విడ్డూరం కాకపోతే?

జవాబు: మూడెకరాలు మీవండీ, దానిది గొలుసంత. పార్కు అక్కర్లేదు, ఆ విషయంలో మీరే గెలిచారు. కానీ పగలల్లా కట్టేసిన కుక్కకి వచ్చిపోయే ప్రతి మనిషీ, ప్రతి కుక్కా తను అందుకోలేనిదే, ఆ ఉక్రోషం పేరుకుపోయి ఒకరోజు గొలుసు తెగినప్పుడు కొబ్బరి దింపు తీసే కుర్రాడి పిక్క పట్టుకుంటుంది. చాలామంది దాన్ని కాపలా బాగా చేస్తోందని మురిసిపోతారు. పొద్దున్నా సాయంత్రం అరగంట మీరే తాడు పట్టుకుని బోదెగట్టు వెంట, పుంత రోడ్డు మీద తిప్పండి. మీ సుగరుకీ మంచిదే, మీకు లేకపోతే సంతోషం. పగలు కట్టక తప్పకపోతే రెండు చెట్ల మధ్య తీగ లాగి దానికి గొలుసు తగిలించండి, అటూ ఇటూ నడుస్తుంది. మెడకి గానీ చెట్టుకి గానీ చుట్టుకోకుండా చూసుకోవాలి, నీడా నీళ్ళూ అందేలా ఉండాలి.

కొబ్బరాకులు, డొక్కలు పోగేసిన చోట రక్తపింజరి ఉంటుంది, అక్కడ వాసన చూడనివ్వకండి. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే ఆ నీళ్ళూ, గట్టు మీద పారేసిన మందు డబ్బాలూ దాని నోటికి దొరక్కూడదు. కాలవలు కట్టేసిన నెలల్లో గుంటల్లో మిగిలిన నీళ్ళు తాగుతుంది కాబట్టి మకాం దగ్గర తొట్టి రోజూ కడిగి నింపండి.

తోటి కుక్కల గురించి అమ్మాయి బెంగ పడక్కర్లేదు, రాత్రి విప్పాక అది ఎక్కడికి వెళ్ళొస్తోందో మీకూ నాకూ తెలియదు కానీ ఒంటరిగా మాత్రం తిరగదు. అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, రేబీస్ టీకా ప్రతి ఏడూ వేయించండి. కిందటిసారి ఎప్పుడు వేయించారో గుర్తు రాకపోతే ఈ వారమే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మూతికి గుడ్డ కట్టి, ఆటోలో, దానికి రోజూ అన్నం పెట్టే మనిషిని తోడు పెట్టుకుని.