వాయిదా మారిందన్న కబురొస్తే

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

రేపటి వాయిదా లేదని లాయరుగారి గుమాస్తా రాత్రి తొమ్మిదింటికి మెసేజీ పెట్టాడని, మన కేసులో సాక్ష్యం చెప్పడానికి కదిరిలో బెంగుళూరు బస్సెక్కిన మీ మావయ్యను దారిలోనే దిగిపొమ్మని చెప్పాలా అని అడిగావు. వద్దమ్మా, రానీ.

పాతికేళ్ల కిందట నా సైటు కేసులో ఇలాగే ఫోనొచ్చింది, "జడ్జిగారు సెలవు సార్, మీరు రానక్కర్లేదు" అని. నమ్మి ఆఫీసుకు పోయాను. సెలవు పెట్టింది పక్క హాలు జడ్జిగారట. మా హాల్లో కేసు పిలిచారు, అవతలి లాయరు పలికాడు, మావైపు ఎవరూ లేరు. దావా కొట్టేశారు. ఆ సంగతి నాకు నెల దాటాక తెలిసింది. అలా కొట్టేసిన దావాను తిరిగి తెరిపించమని అడగడానికి గడువు 30 రోజులే. ఆలస్యం మన్నించమని ఒక అర్జీ, దావా తెరవమని ఇంకో అర్జీ, ఏడాది పోయింది. మీ పెద్దమ్మ గాజులు ఆ ఏడాదే తాకట్టుకు వెళ్లాయి. నీకు ఆ గతి పట్టకూడదు.

నీ కేసుకు 16 అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొట్టి చూడు, తర్వాతి వాయిదా ఎప్పుడో, దేనికో కనబడుతుంది. అయితే కోర్టులో జరిగింది అందులోకి ఎక్కడానికి ఒక్కోసారి సాయంత్రమవుతుంది. అందుకని పొద్దున హాలు దగ్గరికి పోయి, జడ్జిగారి ముందు ఫైళ్లు చూసే బెంచి క్లర్కును అడగడమే నిక్కం. జడ్జిగారు నిజంగానే సెలవైతే కొత్త తేదీ అక్కడే చెబుతారు. తేదీతోపాటు అది సాక్ష్యానికా, వాదనలకా అన్నది కూడా నీ చేత్తో రాసుకో. రెండోది రాసుకోక సాక్షిని ఊరికే తిప్పినవాళ్లను చాలామందిని చూశాను.

అవతలివాళ్లే విచారణ ఇంకో రోజుకు వాయిదా వేయమని అడిగితే మాత్రం ఊరుకోవద్దు. సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్, అందులో 17వ ఆర్డరు (అంటే అధ్యాయం లాంటిది) ప్రకారం విచారణలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. మరీ తప్పని పరిస్థితుల్లో ఆ హద్దు దాటొచ్చని 2005లో సుప్రీంకోర్టు అంది, నిజమే. కానీ వాళ్లకు ఇప్పటికి ఎన్ని ఇచ్చారో లెక్క చెప్పమని మన లాయరుగారిని అడుగు, మావయ్య బస్సు ఖర్చులు ఇప్పించమని కూడా అడగమను. తమ లాయరుకు వేరే కోర్టులో పని ఉందన్నది వాయిదాకు కారణం కాదని అదే ఆర్డరులో ఉంది. సాక్షి వచ్చి కూర్చున్నాక వాళ్లు సిద్ధంగా లేమంటే, కోర్టు తలచుకుంటే ఆ సాక్ష్యం అప్పుడే రాసుకోవచ్చు. మావయ్యను రానిమ్మన్నది అందుకే. అరవై దాటిన మనిషి, మళ్లీ ఎన్నిసార్లు రాగలడు?

మనకే తేదీ కుదరనప్పుడు చివరి నిమిషం దాకా ఆగకు. డాక్టరు సర్టిఫికెట్టో, రైలు టికెట్టో జతచేసి ముందే అర్జీ వేయించు. ఆఫీసులో పూటకు కాకుండా రోజంతా సెలవు పెట్టు.

ఒక్క మాట, గుమాస్తా మీద కోపం తెచ్చుకోకు. రోజుకు ఎన్నో హాళ్లు తిరిగే మనిషి, పొరబడటం సహజం. తప్పొప్పులు చూసుకోవాల్సింది మనం.

కోర్టు పదకొండుకు మొదలవుతుంది. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి సెంట్రల్ కాలేజీ స్టేషనులో దిగు, కోర్టున్న కెంపేగౌడ రోడ్డు దగ్గరే. పదింటికల్లా స్టేషను మెట్ల దగ్గర నేనుంటాను. మావయ్యను మెజెస్టిక్‌లో నేనే దింపుకుని, ఇడ్లీ తినిపించి తీసుకొస్తాను. అసలు దస్తావేజులు నువ్వు మరిచిపోకుండా తీసుకురా.

మీ పెదనాన్న