కోళ్ల సంగతి తర్వాత, ముందు మీవారిని మాట్లాడమనండి

ప్రశ్న: మేము పటమటలో ఫ్లాట్‌లో ఉంటున్నాం. మావయ్యగారు పోయి ఆరేళ్లయింది. అత్తగారు పాయకాపురంలో ఆవిడ పేరున ఉన్న ఇంట్లో ఒక్కరే ఉంటారు. పెరట్లో నాటుకోళ్లు, ఆకుకూర మళ్లు, దొండపాదు. బుడమేరు వరద వచ్చినప్పుడు నాలుగు రోజులు డాబా మీదే ఉన్నారు. మావారు పడవలో వెళ్లి రమ్మంటే కోళ్లని వదిలి రానన్నారు. అప్పట్లో 17 కోళ్లు చచ్చిపోయాయి, గంపలో పెట్టుకున్న మూడే మిగిలాయి. ఇప్పుడు మళ్లీ పన్నెండు అయ్యాయి. ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేస్తే ఆవిడకి క్షేమం, మా లోను భారం తగ్గుతుంది, బాబు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉంటారు. మావారు ఈ మాట ఎత్తరు, నన్నే చెప్పమంటారు. రెండుసార్లు చెప్పాను. అప్పటినుంచి ఆవిడ నాతో ముభావంగా ఉంటున్నారు. ప్రతి ఆదివారం మనవడికి పంపే గుడ్లు కూడా మూడు వారాలుగా రావడం లేదు. కోళ్లు అమ్మేసేలా ఆవిడని ఒప్పించడం ఎలా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను తల్లీ. ఒప్పించొద్దు. ఆ కోళ్లు అమ్మించడం మీ పని కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నా మనసు ఆగింది మీరు తేలిగ్గా రాసి దాటేసిన ఒక్క మాట దగ్గరే: ‘మావారు ఈ మాట ఎత్తరు, నన్నే చెప్పమంటారు.’

తల్లితో కొడుకు అనాల్సిన మాట కోడలి నోట వస్తే ఎలా వినపడుతుందో నేను మీకు చెప్పాలా? మీరు ఎంత నెమ్మదిగా చెప్పినా ఆవిడ చెవిన పడింది ‘ఇల్లు అమ్మెయ్యండి’ అన్నదొక్కటే. పైగా క్షేమం, లోను, పిల్లాడి దగ్గర మనిషి – మూడూ ఒకే మూట కట్టి ముందు పెట్టారు. క్షేమం మాట ఆ మూట అడుగున పడిపోయింది.

2024 సెప్టెంబరు 1 గుర్తు చేసుకోండి. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలవాల్సిన బుడమేరు కట్టలు తెంచుకుని సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వీధుల మీద పడింది. మీవారు ఆ నీళ్లలో పడవ కట్టించుకుని కన్నతల్లి కోసం వెళ్లారు. డాబా మీద గంప పట్టుకుని నిలబడ్డ అమ్మ, నేను రానంది. ఉత్త పడవతో వెనక్కి తిరిగిన ఆ కొడుకు ఆ నాలుగు రాత్రులూ కన్ను మూసి ఉంటాడా? ‘అమ్మకి నాకంటే కోళ్లే ఎక్కువయ్యాయా’ అన్న ములుకు అప్పుడే గుచ్చుకుని ఉంటుంది. ఆ బాధ ఆయన తల్లికి చెప్పలేదు, బహుశా మీకూ చెప్పలేదు. అందుకే ఆయన కళ్లకి కోళ్లు శత్రువుల్లా కనిపిస్తున్నాయి. ఆ పగ తీర్చమని మిమ్మల్ని పంపుతున్నారు.

ఇక ఆవిడ వైపు చూడండి. వరద తీశాక ఆ పెరట్లో మిగిలింది బురద, మూడు కోళ్లు. ఆ మూడింటి నుంచి పన్నెండుకి రావడం మాటలు కాదు. పెట్ట పొదుగుకి వచ్చేదాకా ఆగాలి. పదో పన్నెండో గుడ్లు కింద పెట్టి 21 రోజులు కాచుకోవాలి. ఆ పెట్ట నాలుగు గింజలు తినడానికి కాసేపు లేస్తుంది, మళ్లీ వెళ్లి కూర్చుంటుంది, అంతే. పిల్లలు దిగాక గద్దకి కొన్ని, పిల్లికి కొన్ని, కొక్కెర తెగులుకి కొన్ని పోతాయి. మిగిలినవే మనవి. మడి సంగతీ అంతే. పచ్చి కోళ్లపెంట మొక్క మొదట్లో వేస్తే వేరు మాడిపోతుంది, నెలల తరబడి మాగబెట్టాలి. తోటకూర నారు మీద కోడి పడకుండా కంప కట్టాలి, అది గీకేస్తే మళ్లీ చల్లాలి. భర్త పోయి, కొడుకు వేరే కాపురం ఉండి, ఇల్లు మునిగి, ఆ బురదలో ఒక్కతీ కూర్చుని ఇదంతా తిరిగి నిలబెట్టుకున్న మనిషిని మీరు ఫ్లాట్‌లో స్కూలు బస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోమంటున్నారు.

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో గుడ్ల డబ్బులు జీలకర్ర డబ్బాలో దాచుకునేది. ఎంతో కాదు. కానీ పుట్టింటికి వెళ్లాలంటే బస్సు ఛార్జీకి మా నాన్న ముందు చెయ్యి చాచి ఎరగదు. ఆ డబ్బా ఉన్నన్నాళ్లూ ఆమె మాటకి ఇంట్లో ఒక బరువుండేది. మీ అత్తగారి గంపలోనూ అదే ఉందని నా గట్టి నమ్మకం. ఆ గంపని ఆవిడ పడవ ఎక్కడానికి కూడా వదల్లేదంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

పిల్లల కోడిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? గద్ద నీడ పడితే చాలు, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. అవే పిల్లలు రెండు నెలలు దాటి ఇంకా వెంట తిరిగితే తల్లే పొడిచి తరుముతుంది. మీవారిని ఎవరూ అలా పొడిచి పంపలేదు. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఒక రెక్క చాటు కావాలి ఆయనకి. అప్పట్లో అమ్మది, ఇప్పుడు మీది. మీ రెక్క తీసెయ్యండి. భర్త మీద ప్రేమ లేక తీయమనడం లేదు. మీరు అడ్డం ఉన్నంతకాలం ఆ తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చోరు.

ఇల్లు ఆవిడది. అమ్మాలా వద్దా అన్నది ఆవిడే తేల్చుకోవాలి. రేపు ఆవిడ సరేనన్నా సరే, అమ్మించకండి. కడదాకా చూసుకోవాలనే షరతు మీద పిల్లలకి రాసిచ్చిన ఆస్తిని, వాళ్లు చూసుకోకపోతే రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ కల్పించింది. కానీ అమ్మేసి మీ లోనులో కలిపేసిన ఇంటిని ఆవిడకి ఎవరు తెచ్చిపెడతారు? బాబు దగ్గర మనిషి కావాలంటే అది వేరే అవసరం, ఇంకో రోజు సాయంగా అడగండి.

గుడ్లు ఆగాయని నొచ్చుకున్నారు. మూడు వారాలంటే 21 రోజులు. పెట్ట కింద పెట్టి ఉండొచ్చు. కోపమే అయి ఉండొచ్చు కూడా. ఈ మూడు ఆదివారాల్లో ఒక్కసారైనా ఫోన్ చేసి ‘ఏం అత్తయ్యా, కోళ్లు బాగున్నాయా’ అని అడిగారా?

వచ్చే ఆదివారం మీవారిని ఒక్కణ్ణే పంపండి. మీరు వెళ్లొద్దు, బాబునీ పంపొద్దు. పొద్దున్నే వెళ్లి ముందు గూడు శుభ్రం చెయ్యమనండి. మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు తాకితే కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతాయి. గూటి మీద తాటాకు కప్పమనండి, కొక్కెర టీకా ఎప్పుడు వేయించాలో పశువుల ఆసుపత్రిలో కనుక్కోమనండి. అన్నం తిన్నాక అమ్మ పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పమనండి: ‘ఆ రోజు నువ్వు పడవెక్కనంటే నాకు చాలా భయమేసిందమ్మా.’ లోను ఊసు రాకూడదు. తర్వాత ఆవిడ తిట్టినా ఏడ్చినా ఆయన అక్కడే కూర్చోవాలి. మీకు ఫోన్ చేయకూడదు.

మాట కలిశాక ఒకటే ఒప్పందం. డాబా మీద ఒక బోను కట్టించాలి. పెద్ద వానల హెచ్చరిక వచ్చిందంటే నీళ్లు వీధిలోకి రాకముందే ఆవిడ మీ ఇంటికి వచ్చేయాలి, గంపతో సహా. మీ బాల్కనీలో ఆ గంపకి చోటు ఇప్పుడే ఖాళీ చేసి ఉంచండి. నాలుగు రోజులు వాసన వస్తుంది, ఓర్చుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు అడిగితే సర్దిచెప్పాల్సింది మీరు కాదు, మీవారు.