గిటార్ మీద జిగురు పోగొట్టాలంటే ముందు ఇంట్లో అసిటోన్ దాచెయ్యండి

“గిటార్ మీద స్టిక్కర్ పీకితే జిగురు మిగిలిపోయింది, పాలిష్ పాడవకుండా ఎలా పోగొట్టాలి?” అని అడిగారు. కొబ్బరినూనె. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, మిగతాదంతా నా ఏడుపు.

2014లో అమీర్‌పేటలో ఒక హాస్టల్ అబ్బాయి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తూ సామానంతా అమ్ముకుంటుంటే 3,500 రూపాయలకి ఒక పాత గిటార్ కొన్నాను. వాళ్ళ మేనమామ వాయించేవాడట. ఈ అబ్బాయి మాత్రం దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకునేవాడనుకుంటా. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి ముందు చెక్క తేనె రంగుకి తిరిగింది. దాని మీద రెండు స్టిక్కర్లు. ఒకటి ఏదో కాలేజీ ఫెస్ట్‌ది, కాగితందే. రెండోది రేడియం షాపులో కోయించిన ఎర్రటి లవ్ గుర్తు, మధ్యలో ఇంగ్లిష్ ఎస్ అక్షరం ఆకారంలో కత్తిరించి ఉంది. బైకు నంబర్ ప్లేటుకి అతికించే సరుకు అది.

కాగితం స్టిక్కర్ గోటితో గీకితే పైపొర వచ్చింది, కింద తెల్లటి పీచూ జిగురూ ఉండిపోయాయి. రాత్రి పదకొండయింది. బుద్ధున్నవాడైతే పడుకుంటాడు. నేను మా ఆవిడ డ్రెస్సింగ్ టేబుల్ మీద గోళ్ళరంగు తుడిచే అసిటోన్ సీసా చూశాను. దూది ముంచి రుద్దితే రెండు నిమిషాల్లో జిగురు మాయం. ఆహా అనుకున్నాను. దూది పసుప్పచ్చగా మారుతుంటే పాత మురికి ఊడుతోంది కాబోలని ఇంకాస్త రుద్దాను. కాసేపటికి దూది పోగులు చెక్కకి అంటుకుపోవడం మొదలైంది. వాటిని తీయబోయి బొటనవేలు ఆనించాను.

తెల్లారి చూస్తే అరచేతి మేర కంటికి పొర కమ్మినట్టు మసకబారిపోయింది. దాని నడుమ నా వేలిముద్ర, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేయించుకున్నంత స్పష్టంగా.

అదే వారం ఎదుటి ఫ్లాట్‌లో తలుపులకి పాలిష్ పెడుతున్నారు. ఆ పనాయనకి గిటార్ చూపించాను. గోటితో మచ్చ అంచు తడిమి, “లక్కర్ సార్ ఇది. మేం పలచన చెయ్యడానికి థిన్నర్ పోస్తాం, మీరు దాదాపు అదే పోశారు” అన్నాడు. ఏం చెయ్యాలంటే, “మొత్తం గీకేసి కొత్తగా కొట్టాలి, నేనైతే ముట్టుకోను” అని బ్రష్షు తీసుకుని వెళ్ళిపోయాడు. తరవాత తెలిసింది, గోళ్ళరంగులో పొర కట్టే పదార్థమూ పాత గిటార్ల లక్కర్‌లో ఉండేదీ ఒకటే, నైట్రోసెల్యులోజ్. అంటే నా గిటార్ ఒళ్ళంతా గోళ్ళరంగు వేసుకుని కూర్చుంది, నేను దాన్ని తుడిచే మందే తెచ్చి తుడిచాను. సీసా తన పని తాను చేసింది, దాన్ననేం లాభం?

అందుకే మీ గిటార్‌కి ఉన్నది ఏ పూతో ముందు కనుక్కోండి. ఇప్పుడొచ్చే మామూలు ధర గిటార్లు ఎక్కువగా పాలీయురెథేన్, పాలియెస్టర్ పూతలవి. తలుపులకి పీయూ పాలిష్ అంటామే, ఆ జాతి. అవి కాస్త మొండివి. అయినా అసిటోన్ వద్దు, పక్కన గీతలు పడకుండా అంటించే ప్లాస్టిక్ రేకు పిక్‌గార్డూ, అంచు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ కరుగుతాయి. గిబ్సన్ వాళ్ళు తమ పేరుతో అమ్మే గిటార్లకి ఇప్పటికీ నైట్రో లక్కరే వాడతారు. చేత్తో చేసిన క్లాసికల్ గిటార్లకి లక్కతో పెట్టే ఫ్రెంచ్ పాలిష్ ఉంటుంది, దానికి స్పిరిట్ తగిలితే చాలు, కరిగిపోతుంది. కరోనా రోజుల్లో తలుపు గొళ్ళెం నుంచి హార్మోనియం దాకా అన్నిటి మీదా శానిటైజర్ కొట్టారు జనం, అందులో ఉన్నది ఆల్కహాలే. ఇక టూత్‌పేస్టు రాయమని వీడియోలు చేసేవాళ్ళకో దండం. అది అరగదీసే పొడి కలిసిన ముద్ద, పళ్ళకి పెట్టుకోండి.

అసలు ఈ దేశంలో స్టిక్కర్ అంటించేవాళ్ళ మీద నాకు వేరే కోపం ఉంది. స్టీలు గిన్నె కొంటే సరిగ్గా అన్నం పెట్టుకునే చోటే అంటిస్తారు. పుస్తకం ధర స్టిక్కర్ అట్ట మీద బొమ్మ ముఖానికే. మా అమ్మ గిన్నెని స్టవ్ మీద ఒక్క క్షణం వెచ్చచేసి, ఒక మూల లేపి, అరటితొక్క ఒలిచినట్టు లాగేసేది. బీరువా అద్దం మీద వరసగా అంటించిన బొట్టుబిళ్ళల జిగురుకేమో కొబ్బరినూనె. ఇంట్లో చిన్నప్పట్నుంచి చూసిన విద్య వదిలేసి నేను సీసా వెంట పడ్డాను.

రెండో స్టిక్కర్‌కి అమ్మ పద్ధతే పట్టాను. రేడియం కాగితంలోకి నూనె ఇంకదు కాబట్టి ముందు హెయిర్ డ్రయ్యర్. జానెడు దూరం నుంచి, అటూ ఇటూ కదుపుతూ, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండేంత వరకే. వేడెక్కువైతే లక్కరూ మెత్తబడుతుంది, లోపలి అతుకులూ వదులవుతాయి. మూల లేచాక పైకి కాకుండా వెనక్కి మడిచి పడుకోబెట్టినట్టు మెల్లగా లాగాను. తరవాత కొబ్బరినూనె. డిసెంబర్ కదా, పేరుకుపోయింది. అరచేతిలో కరిగించి జిగురు మీద మాత్రమే రాసి అరగంట వదిలేశాను. అప్పుడు బొటనవేలితో గుండ్రంగా రుద్దుతుంటే సున్నిపిండితో నలుగు పెట్టినప్పుడు ఒంటి మీంచి రాలినట్టు జిగురు నల్లటి నులకలుగా చుట్టుకుని రాలింది. మూడుసార్లు అలా చేశాను. గోరు, బ్లేడు, గిన్నెలు తోమే పీచు, ఏదీ ముట్టలేదు. ఆఖర్న పాత బనీను గుడ్డని సబ్బునీళ్ళలో గట్టిగా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒకసారి. నూనె మిగిలితే కొన్నాళ్ళకి కనరు వాసనేస్తుంది. పూత పగిలిన చోటా, మధ్యలో ఉండే గుండ్రటి కన్నం, సౌండ్‌హోల్ అంచున పచ్చి చెక్క కనిపించే చోటా నూనె రాయకండి, చెక్క పీల్చుకుని మరక పడుతుంది. మెరుపు లేని మ్యాట్ గిటార్ అయితే రుద్దుడు తగ్గించండి, రుద్దిన చోట నున్నగా మెరిసిపోయి అదో కొత్త మచ్చ.

నూనెకి లొంగకపోతే లైటర్లో పోసే నాఫ్తా. గిటార్ రిపేరు చేసేవాళ్ళు ఎక్కువగా నమ్ముకునేది అదే. గుడ్డకి రెండు చుక్కలు, కిటికీ తెరిచి, స్టవ్‌కీ దేవుడి దీపానికీ దూరంగా. అదైనా ముందు మెడ ఒంటితో కలిసే చోట వెనకవైపు చిన్న చుక్క పెట్టి చూశాకే. నారింజ వాసనొచ్చే జిగురు మందుల్ని పాత లక్కర్ మీద నేనైతే నమ్మను.

జిగురంతా పోయాక కూడా మచ్చ కనిపిస్తే అది జిగురు కాదు, ఇక రుద్దకండి. స్టిక్కర్ కింద వెలుతురు పడక చెక్క పాత రంగులోనే ఉండిపోతుంది. నా గిటార్ మీద ఇప్పటికీ తేనె రంగులో తెల్లటి లవ్ గుర్తుంది, దాని మధ్యలో చక్కగా ముదిరిన ఎస్. అది ఆ అబ్బాయి మేనమామ వ్యవహారమని పదేళ్ళుగా చెప్తున్నాను. మా ఆవిడ పేరు వి తో మొదలవుతుంది, గిటార్ తుడిచినప్పుడల్లా ఆ ఎస్ ఎవరని అడుగుతూనే ఉంది.