లిడియా కొయిదులా కవయిత్రి అని అందరూ అంటారు. మరి ఎడిటర్ అని ఎందుకంటారు?

మీ ప్రశ్న ఇది: "చదువుకోవడానికి ఎస్టోనియా వెళ్తున్నాను. అక్కడ లిడియా కొయిదులా పేరు ప్రతిచోటా కనిపిస్తుందట. ఆమె కవయిత్రా, పత్రిక నడిపిన మనిషా, నాటకకర్తా? ఆమె గురించి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?"

మూడూ నిజమే. కానీ చాలామంది చెప్పే వరుస తలకిందులుగా ఉంటుంది. మహాకవయిత్రి, తీరిక దొరికినప్పుడు నాన్నకు పత్రికలో సాయం చేసేది అంటారు. నేను తార్తులో ఎమ్మెస్ చేసి, తర్వాత కొన్నేళ్లు రాజధాని టాలిన్‌లో ఉద్యోగం చేశాను. ఎస్టోనియన్ భాష క్లాసుల పుణ్యమా అని ఆమె గురించి కాస్త గట్టిగానే చదివాను. నాకు అర్థమైనంతలో ముందు పత్రిక, ఆ బల్ల దగ్గర నుంచే కవిత్వం, పాట, నాటకం వచ్చాయి.

1843 డిసెంబరు 24న వ్యాంద్ర అనే పల్లెలో పుట్టింది. అసలు పేరు లిడియా యాన్సెన్. ఆ ప్రాంతం అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. కానీ భూములు, చర్చి, ఊళ్ళో పెత్తనం అంతా జర్మన్ దొరలది. ఎస్టోనియన్ అంటే పొలం పనివాళ్ళ భాష. నాలుగక్షరాలు నేర్చుకున్న ఎస్టోనియన్ జర్మన్‌లోకి మారిపోవడమే అప్పటి ఆనవాయితీ. లిడియా చదివిందీ జర్మన్ ఆడపిల్లల బడిలోనే.

తండ్రి యోహాన్ వోల్డెమార్ యాన్సెన్ బడిపంతులు. 1857లో ప్యార్ను పట్టణం నుంచి 'పెర్నో పోస్టిమేస్' అనే ఎస్టోనియన్ వారపత్రిక మొదలుపెట్టాడు. మొదటి సంచిక "నమస్కారం, ప్రియమైన ఎస్టోనియా ప్రజలారా" అనే పలకరింపుతో మొదలవుతుంది. జనాన్ని వాళ్ళ భాషలో అలా పేరుపెట్టి పిలవడమే అప్పట్లో పెద్ద వార్త. అప్పటికి లిడియాకు పదమూడేళ్ళు.

ప్యార్నులో వాళ్ళున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. టాలిన్ నుంచి బస్సులో రెండు గంటల దారి, తప్పకుండా వెళ్ళండి. నేను వెళ్ళింది చలికాలంలో, నేను తప్ప ఇంకెవరూ లేరు. బడి, కాపురం, పత్రిక మూడూ ఒకే కప్పు కింద. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఇక్కడ తండ్రి వార్తలు రాసేవాడన్నమాట. ఈ పిల్లకు పత్రిక పని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. రోజూ కళ్ళముందు జరుగుతున్నదే.

1862లో ఆమె తార్తు విశ్వవిద్యాలయంలో టీచరు అర్హత పరీక్ష పాసయింది. పరీక్ష రాయనిచ్చారు, చదువుకోవడానికి మాత్రం సీటివ్వరు. అప్పటికింకా ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. తర్వాత కుటుంబం తార్తుకు మారింది, 1864లో తండ్రి అక్కడ 'ఎస్తి పోస్టిమేస్' మొదలుపెట్టాడు. పెళ్ళయి వెళ్ళిపోయేదాకా ఆ పత్రికలో ఆమె కుడిభుజం. జర్మన్ నుంచి అనువాదాలు, కథలు తిరగరాయడం, వచ్చినవి దిద్దడం. పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. మన కందుకూరి 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టేటప్పటికి ఈమె ఆ బల్ల మీద పని ముగించి వెళ్ళిపోయింది కూడా. కాలం లెక్క కోసం చెబుతున్నాను, పోలిక కోసం కాదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి ఉంది. చాలామంది అభిమానులు దాన్ని దాటేస్తారు. ఆమె తొలి రచనల్లో సొంతవి తక్కువ. 1866లో పేరు లేకుండా వచ్చిన మొదటి కవితల పుస్తకం 'వైనులిల్లెద్', అంటే పచ్చికబయలు పూలు. అందులో చాలావరకు జర్మన్ కవితల అనుసరణలే. అదే ఏడాది పెరూ చివరి ఇన్కా రాజు మీద ఒక కథ వేసింది, అదీ జర్మన్ మూలం నుంచే. మా క్లాసులో ఒక జర్మన్ అబ్బాయి "అయితే ఇది కాపీ కదా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. అది ఎడిటర్ బుర్ర చేసే పని. నా పాఠకుడికి ఏం కావాలి, ఏది రుచిస్తుంది, ఏ వాక్యం దగ్గర చదవడం ఆపేస్తాడు అని చూసుకుంటూ వారం వారం ఇంకో భాషలోని సరుకును తన భాషలోకి ఒంపడం. పల్లె దాటని రైతు తన మాటల్లో పెరూ గురించి చదివాడు. ఆ ఒంపే పనిలోనే ఆమె చేతికి భాష లొంగింది.

లొంగిందని ఎలా తెలుస్తుందంటే, మరుసటి ఏడాది 1867లో వచ్చిన 'ఎమాయొగి నైటింగేల్' చూడండి. ఎమాయొగి అంటే తార్తు మధ్యలో పారే నది. దేశం మీద ప్రేమ ఈ పుస్తకంలో ఆమె సొంత గొంతుతో పలుకుతుంది. మాటలు చిన్నవి, వాక్యాలు పొట్టివి. ఏ2, అంటే మొదటి మెట్లు దాటిన స్థాయి భాషతో నాకే సగం అర్థమయ్యాయంటే చూసుకోండి. అదే ఏడాది కార్ల్ రాబర్ట్ యాకొబ్‌సన్ అనే టీచరు, రచయిత తన బడి వాచకంలో ఆమె కవితలు చేర్చాడు. కొయిదులా అనే కలం పేరు పెట్టిందీ అతనే. పుస్తకం కొనని ఇంటికి కూడా ఆమె పద్యం బడిపిల్లల నోటి మీదుగా చేరింది.

1869లో తార్తులో మొదటి జాతీయ పాటల పండుగ జరిగింది. లివోనియాలో, అంటే అప్పట్లో తార్తు ఉన్న రాష్ట్రంలో, బానిస రైతు వ్యవస్థ రద్దయి యాభై ఏళ్ళయిన సందర్భం అని చెప్పి ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నారు. తండ్రీకూతుళ్ళిద్దరూ ఏర్పాట్లలో తలమునకలయ్యారు. 800 మందికి పైగా గాయకులు, వాద్యకారులు, అందరూ మగవాళ్ళే. పాడిన వాటిలో ఎక్కువ భాగం జర్మన్ పద్ధతి పాటలు. ఎస్టోనియన్ స్వరకర్త కట్టినవి రెండే రెండు. అవి అలెక్సాందర్ కునిలైడ్‌వి, రెండింటికీ సాహిత్యం కొయిదులాదే. పాట ఆమెది, పాడే వరుసలో మాత్రం ఆమెకు చోటు లేదు.

ఆ రెండింటిలో ఒకటి 'మూ ఇసమా ఒన్ మిను అర్మ్'. నా మాతృభూమే నా ప్రేమ అని మొదలవుతుంది. దీనికి 1944లో గుస్తావ్ ఎర్నెసాక్స్ కొత్త బాణీ కట్టాడు. 1947 పండుగలో పాడారు, 1950లో తీసేశారు, 1960 నుంచి మళ్ళీ పాడుతున్నారు. తండ్రి యాన్సెన్ రాసిన పాట ఎస్టోనియా జాతీయ గీతం. సోవియట్ కాలంలో దాన్ని నిషేధించారు. దాంతో కూతురి పాటే జనానికి జాతీయ గీతమైంది.

2019లో నూటయాభై ఏళ్ళ పండుగకు ఆఫీసులో స్నేహితులు నన్ను టాలిన్ మైదానానికి లాక్కెళ్ళారు. గంటల తరబడి నిలబడ్డాం, కాళ్ళు లాగేశాయి, సగం పాటలు నాకు ఒకేలా వినిపించాయి. కొయిదులా పాట మొదలవగానే చుట్టూ కూర్చున్నవాళ్ళంతా లేచారు. ముందు వరుసలో పాప్‌కార్న్ తింటున్న కుర్రాడు పొట్లం కింద పెట్టి టోపీ తీశాడు. మా టీమ్ లీడ్, మీటింగుల్లో నోరు విప్పని మనిషి, గొంతెత్తి పాడుతున్నాడు. కంటినిండా నీళ్ళు.

నాటకాల సంగతి క్లుప్తంగా. తార్తులో 'వనెముయినె' అనే సంఘం ఉంది. ఆ సంఘం ఐదో వార్షికోత్సవానికి 1870లో ఆమె 'సారెమా ఒనుపొయెగ్' అనే చిన్న హాస్య నాటకం వేయించింది. సారెమా దీవి నుంచి వచ్చిన చుట్టం కథ. దీనికీ మూలం జర్మన్ రచయిత థియోడర్ క్యోర్నర్‌దే. ఎస్టోనియన్ నాటకరంగం ఆ రోజునే పుట్టిందని అక్కడ లెక్క. ఆడవేషాలు మగవాళ్ళే కట్టారు. రెండేళ్ళకు రాసిన 'స్యారనె ముల్క్' మాత్రం అచ్చంగా ఆమె సొంత నాటకం.

మరకలు కూడా చెప్పాలి. తండ్రి పత్రిక కోసం జర్మన్ దొరల సంఘం దగ్గర గుట్టుగా డబ్బు తీసుకున్నాడు. వాళ్ళ మీద ఆయన కలం మెత్తబడటానికి కారణం అదేనన్నది యాకొబ్‌సన్ లాంటి వాళ్ళ కోపం. అతను 1878లో 'సకాల' పేరుతో సొంత పత్రిక పెట్టుకున్నాడు. ఇంకో తమాషా చూడండి. ఎస్టోనియా జాతీయ కావ్యం 'కలెవిపొయెగ్' కూర్చిన క్రొయిత్స్‌వాల్డ్‌కూ ఆమెకూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. ఆయన ఆమెకంటే నలభై ఏళ్ళు పెద్ద. ఎస్టోనియన్ సాహిత్యాన్ని నిలబెట్టిన ఈ ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నది జర్మన్‌లో! తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మనలో ఎంతమంది తెలుగు గురించి ఇంగ్లీషులో మెసేజ్‌లు పెట్టుకోవడం లేదు?

1873లో ఎడువార్డ్ మిహెల్సన్ అనే లాత్వియా మిలిటరీ డాక్టరును పెళ్ళి చేసుకుని, పీటర్స్‌బర్గ్ దగ్గర క్రోన్‌స్టాట్ అనే నౌకాదళ పట్టణానికి వెళ్ళిపోయింది. పత్రిక బల్ల పోయింది. కవితలు ఆగలేదు, కానీ అవి బెంగతో రాసినవి. 1886లో రొమ్ము క్యాన్సర్‌తో అక్కడే పోయింది, నలభై రెండేళ్ళకే. అవశేషాలను 1946లో తెచ్చి టాలిన్‌లోని అడవి శ్మశానం, మెత్సకల్మిస్తులో పెట్టారు.

యూరో రాకముందు 100 క్రూన్ల నోటు మీద బొమ్మ ఆమెదే. తార్తులో మా ఇంటి ఓనరు పెద్దావిడ ఒక నోటును వంటింటి బీరువా అద్దానికి లోపలివైపు అతికించి పెట్టుకుంది. ఎస్టోనియా కేంద్ర బ్యాంకు ఇప్పటికీ ఆ నోట్లు తీసుకుని యూరోలు ఇస్తుంది, లెక్క ప్రకారం 6.39 వస్తాయి. "మార్చుకోరా?" అని అడిగితే, "ఆ డబ్బుకు కాఫీ, కేకు వస్తాయి. నేను ఇంట్లోనే తాగుతాను" అంది.

ఇక ఎక్కడి నుంచి మొదలుపెట్టాలంటారా? కవితల పుస్తకంతో వద్దు, భాష రాకుండా అనువాదంలో అవి చప్పగా ఉంటాయి. ముందు యూట్యూబ్‌లో ఎర్నెసాక్స్ బాణీ వినండి. అక్కడికి వెళ్ళాక ప్యార్ను మ్యూజియం చూడండి. అదే ఊళ్ళో ఆమె విగ్రహం కూడా ఉంది, 1929లో అమాందుస్ అదమ్‌సన్ చేసింది. భాష కాస్త పట్టుబడ్డాక, ఎక్కడైనా 'స్యారనె ముల్క్' వేస్తున్నారేమో కనుక్కుని టికెట్ తీసుకోండి. మొదటి వరుసలొద్దు, మధ్యలో కూర్చోండి. పక్కవాళ్ళు ఎక్కడ నవ్వుతున్నారో చూస్తే సగం అర్థమైపోతుంది.