సోమవారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు

చి. పాపకి, పిన్ని ఆశీస్సులు.

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైనవి క్యాలెండర్ వెనకాల రాసుకున్నాను. సోమవారం పదింటికి, ప్రిన్సిపాల్‌వని కూడా చూడకుండా, మీ బడి కరస్పాండెంట్ రమ్మన్నాడు. "మీ అంతట మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుంది మేడమ్, లేదంటే మేమే తీసేయాల్సి వస్తుంది" అన్నాడు. కారణం, లెక్కల మాస్టారితో నీ 'వ్యవహారం'. ఆ మాట వాళ్ళది, నాది కాదు. విడాకులై, నలభై దాటిన నీకు, భార్య పోయి నాలుగేళ్ళయిన ఆయనకి పెళ్లి ఆలోచన వస్తే దానికి నా దగ్గర వేరే పేరుంది. అది మీ అమ్మతో మాట్లాడుకుంటాను.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు మా బళ్ళో డ్రిల్లు మాస్టారు, హిందీ టీచరమ్మ ఇష్టపడ్డారు. స్టాఫ్‌రూమ్‌లో గుసగుసలు, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ దాకా పాకాయి. నన్ను పిలిచి "మీరు ఆడవాళ్ళు కదా, మీరైతే నెమ్మదిగా చెప్తారు" అన్నారు. ఆ అమ్మాయిని నా గదికి పిలిపించాను. తెల్లకాగితం ఇచ్చింది నేనే. 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే మాట చెప్పింది నేనే. తన పెన్ను రాయకపోతే నా పెన్ను ఇచ్చాను. పావుగంటలో అయిపోయింది. డ్రిల్లు మాస్టారిని మాత్రం కదపలేదు, స్పోర్ట్స్ డే దగ్గరికొచ్చింది మరి. ఏడాది తర్వాత ఆ అమ్మాయి తనని అన్యాయంగా తీసేశారని డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు మెట్లెక్కితే, మా మేనేజ్‌మెంట్ చూపించింది ఒక్క కాగితం. "ఎవరు తీసేశారమ్మా? నువ్వే రాసిచ్చావుగా, నీ చేతిరాతే కదా" అన్నారు. నిజమే, చేతిరాత ఆమెదే.

ఆ కాగితానికి ఎంత బలముందో నాకు తెలుసు కాబట్టే చెప్తున్నాను. సోమవారం నువ్వు దేనిమీదా సంతకం పెట్టకు. 'అందినది' అని రాసి తేదీ వేసి ఏదైనా నోటీసు తీసుకోవడం వేరు, అది తీసుకో. రాజీనామా మాత్రం వద్దు. గదిలో గంట కూర్చోబెట్టినా, మంచినీళ్ళిచ్చి బతిమాలినా, నీ కూతురి ఇంటర్ ఫీజు సంగతి ఎత్తినా ఒకటే మాట: "మీరు చెప్పదలుచుకున్నది రాసి ఇవ్వండి సార్, నేనూ రాసే జవాబిస్తాను." ఇంటికి రాగానే, అదే సాయంత్రం, ఎవరెవరు ఉన్నారు, ఏమన్నారు అన్నది నాలుగు వాక్యాల్లో వాళ్ళకే మెయిల్ పెట్టు. తిట్లూ కన్నీళ్ళూ అందులో వద్దు. ఒకవేళ బెదిరిపోయి సంతకం పెట్టేశావే అనుకో, ఆ రాత్రే వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ కొట్టు. రాజీనామా అమల్లోకి రాకముందు వెనక్కి తీసుకోవచ్చని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. తెల్లవారితే ఆమోదించేశామంటారు, అందుకే ఆ రాత్రే అంటున్నాను.

వాళ్ళు నిన్ను రాజీనామా అడుగుతున్నది నీ గౌరవం కోసం అనుకోకు. తీసేయడం వాళ్ళకి కష్టం, అందుకు. మీది స్టేట్ సిలబస్ బడి, ప్రభుత్వ గుర్తింపు ఉన్నది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, సెక్షన్ 79 చదువు. ప్రైవేటు బళ్ళో ఉద్యోగిని తీసేయాలంటే అభియోగాలేమిటో చెప్పాలి, విచారణ జరపాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. సస్పెండ్ చేస్తే అది రెండు నెలలకి మించకూడదు, అధికారి పొడిగిస్తే ఇంకో రెండు నెలలు. శిక్ష వేస్తే అప్పీలుకు దారి ఆ పక్క సెక్షన్‌లోనే ఉంది. పదకొండేళ్ళుగా ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని ఎంతమంది ఆయాలకి, డ్రైవర్లకి మెమోలిచ్చావో, ఈ సెక్షన్ నువ్వు ఎప్పుడైనా తిరగేశావా? నేనూ తిరగేయలేదులే, రిటైరయ్యాక చదివాను.

ఇప్పుడు నీకు నచ్చని మాట. కోపం వస్తే కాసేపు పక్కన పెట్టి మళ్ళీ చదువు.

నువ్వు ప్రేమించడం తప్పు కాదు. కానీ ఆయన ఇంక్రిమెంట్ కాగితం మీద సంతకం నీది. ఆయన లీవు మంజూరు చేసేది నువ్వు. పదో తరగతి ఏ, బీ సెక్షన్లు రెండూ ఆయనకి ఇచ్చింది నువ్వు. అర్హత ఉంది కాబట్టే ఇచ్చావని నాకు తెలుసు, ఆయన పిల్లలు లెక్కల్లో ఎలా గట్టెక్కుతారో ఊరంతా తెలుసు. కానీ ఆ టైంటేబుల్ వేసిన చెయ్యీ, సాయంత్రం ఆయన బండి వెనకాల కూర్చున్న మనిషీ ఒకరే అయినప్పుడు, మిగతా లెక్కల టీచరు ఏమనుకుంటుంది? తనకి ఆరో తరగతి ఎందుకొచ్చిందో దానికి వేరే అర్థం వెతుక్కుంటుంది. వాళ్ళ వకీలు కాస్త తెలివైనవాడైతే ప్రేమ ఊసే ఎత్తడు, ఈ సంతకాల మీదే నిన్ను పట్టుకుంటాడు. ఇది నువ్వు ఆర్నెల్ల కిందటే చేయాల్సిన పని, ఇప్పటికైనా చెయ్యి. ఆదివారంలోగా మేనేజ్‌మెంట్‌కి ఒక ఉత్తరం రాయి. ఫలానా ఉపాధ్యాయుడితో వివాహ ఉద్దేశం ఉంది, ఇకపై ఆయన లీవులు, టైంటేబుల్, ఇంక్రిమెంట్ విషయాలు వైస్ ప్రిన్సిపాల్‌కి అప్పగించండి, అంతే. పాత తేదీ వేయకు. ఆ పిచ్చి పని చేసిన ఒక పెద్దమనిషిని చూశాను, అసలు కేసు పక్కకి పోయి దొంగ తేదీ కేసు మెడకి చుట్టుకుంది. నీ విడాకుల డిక్రీ కాపీ దగ్గర పెట్టుకో. దాని తేదీ ఎంత ముందుదైతే నీకంత మంచిది.

ఇంకో విషయం. వాళ్ళు 'నైతిక పతనం' అనే మాట వాడతారు. వినడానికి గుండెలో గుచ్చుకుంటుంది కానీ దాని వెనక డబ్బు లెక్క ఉంది. పనిలో ఉండగా నైతిక పతనంతో కూడిన నేరం చేశారని తీసేస్తే గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ళ సర్వీసుకి ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం, ఆపే వీలుంది. నేరం, అన్నాను చూడు. పెద్దవాళ్ళిద్దరు ఇష్టపడటం ఏ నేరం? 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని కూడా నేరాల జాబితాలోంచి తీసేసింది, మీది అదీ కాదాయె. టీచర్లకి గ్రాట్యుటీ వర్తించదని ఇంకా చెప్పే మేనేజ్‌మెంట్లున్నాయి, నమ్మకు. 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచీ వర్తించేలా చేశారు, 2022లో సుప్రీంకోర్టు అది సబబేనంది. నీ బేసిక్, డీఏ కలిపి 52 వేలనుకో. సర్వీసు ఏడాదికి పదిహేను రోజుల జీతమంటే, నెల జీతాన్ని 26తో భాగించి లెక్క కడితే 30 వేలు. పదకొండేళ్ళకి 3 లక్షల 30 వేలు. ఉండాల్సి వచ్చినా, పోవాల్సి వచ్చినా ఆ అంకె నీ నోట్లో ఉండాలి.

కరస్పాండెంట్ తమ్ముడు నీతో అన్న ఆ వెకిలి మాట మాత్రం ఊరికే వదలకు. తేదీ, చోటు, అన్న మాట ఉన్నదున్నట్టు రాసి ఉంచు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల చట్టం 2013 నుంచి ఉంది, మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఫిర్యాదు యజమాని మీదే అయితే బడి కమిటీకి కాదు, జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వచ్చు. అయితే బేరానికి వాడుకుందామని మాత్రం ఎత్తకు. ఇస్తే ఇవ్వు, లేదంటే దాని ఊసెత్తకు.

కోర్టు అంటావా, ఇప్పుడే ఆ మాట అనకు. లేబర్ కోర్టు మనకి పనికిరాదు. టీచర్లు 'వర్క్‌మన్' (కార్మికుడు) కిందికి రారని 1988లోనే తేల్చేశారు, ప్రిన్సిపాల్ సంగతి చెప్పక్కర్లేదు. హైకోర్టులో రిట్ (నేరుగా హైకోర్టులోనే వేసే పిటిషన్) అంటే, ప్రైవేటు బడికీ ఉద్యోగికీ మధ్య మామూలు ఒప్పందం గొడవ అయితే రిట్ నిలవదని 2022లో సుప్రీంకోర్టు అంది. అందుకే మన గొడవ ఒప్పందం మీద కాకుండా సెక్షన్ 79 మీద నిలబడాలి. వకీలు దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు ఈ ముక్క అడుగు. ప్రేమకథ చెప్తూ కూర్చుంటే ఆయన ఫీజు మీటరు తిరుగుతుంది.

పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాయకు. టీచర్ల చేత నీకు మద్దతుగా సంతకాలు పెట్టించకు, రేపు వాళ్ళ ఉద్యోగాలు పోతే ఆ పాపం నీది. పదో తరగతి పిల్లలు 'మేడమ్ కోసం' అని గేటు దగ్గర కూర్చుంటామంటే గదమాయించి లోపలికి పంపు. ఫోన్‌లో మెసేజ్‌లు చెరిపేయకు. మాస్టారికి కూడా విడిగా పిలుపొస్తుంది, "మేడమే వెంటపడింది" అని రాసిస్తే ఆయన్ని ఉంచుతామంటారు. ఆ రోజు ఆయన ఏం చేస్తాడో చూడు. అది ఉద్యోగం కంటే పెద్ద సంగతి, దాని గురించి నేనేమీ చెప్పను.

అన్నట్టు, నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? చేరేటప్పుడు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు వీళ్ళందరికీ ఉంది. అక్కడే ఉంటే శనివారం క్లర్కునడిగి, పీఎఫ్ పని అనో బ్యాంకు లోను అనో అబద్ధాలు చెప్పకుండా, "నావి నాకు కావాలి" అని చీటీ రాసిచ్చి అడుగు. ఇవ్వకపోతే ఆ చీటీ నకలు దాచు.

ఆదివారం మధ్యాహ్నం తెనాలి బస్సెక్కుతాను. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, డిక్రీ అన్నీ తీసి మంచం మీద పరచి ఉంచు. సోమవారం నీతో గేటు దాకా నేనొస్తాను. లోపలికి రానివ్వకపోతే వాచ్‌మన్ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటాను.

ప్రేమతో,
పిన్ని