హెచ్‌పీకి పాచిక వెయ్యాలా, స్థిరమైన అంకె తీసుకోవాలా: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ కాలేజీ కుర్రాళ్ళంతా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌ని నడుపుతూ పాచికలతో కథ ఆడుకునే ఆట) మొదలుపెట్టారనీ, ఆట నడిపేది నువ్వేననీ, ఐదో లెవెల్‌కి వచ్చేసరికి కత్తి పట్టే ఫైటర్ హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) మంత్రాలు వేసే విజార్డ్ కన్నా తక్కువై మాటా మాటా పెరిగిందనీ రాశావు. ఇందులో ఎవరి తప్పూ లేదురా. హెచ్‌పీకి మీరు ఎంచుకున్న పాచిక పద్ధతిలోనే ఆ చిక్కు ఉంది.

మీరు ఆడుతున్న 2014 నియమాల్లో మొదటి లెవెల్‌కి పాచిక ఉండదు. హిట్ డై (ఆ రకం క్యారెక్టర్‌కి కేటాయించిన పాచిక) మీద ఉన్న పెద్ద అంకెకి కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ (ఒంటి దారుఢ్యాన్ని బట్టి కలిసే అంకె, పొట్టిగా కాన్) కలిపి రాసుకోవడమే. రెండో లెవెల్ నుంచి ఆటగాడి ఇష్టం: పాచిక వెయ్యొచ్చు, లేదా స్థిరమైన అంకె తీసుకోవచ్చు; ఏదైనా ప్రతి లెవెల్‌కీ కాన్ మాడిఫయర్ కలుస్తుంది. విజార్డ్ డీ6కి (అంటే ఆరు ముఖాల పాచికకి) 4, రోగ్, వైద్యం చెయ్యగల క్లెరిక్‌ల డీ8కి 5, ఫైటర్ డీ10కి 6, బార్బేరియన్ డీ12కి 7. పాచిక సగటు వీటికి అర పాయింటు తక్కువే ఉంటుంది. డీ10 సగటు 5.5. ఆ అర పాయింటు పెద్ద నష్టం కాదు. ఎగుడుదిగుళ్ళతోనే ఇబ్బంది.

కాన్ మాడిఫయర్ +2 ఉన్న ఫైటర్‌కి ఐదో లెవెల్లో స్థిరమైన లెక్కన 44 వస్తుంది. పాచికలు వేస్తే 24 నుంచి 60 దాకా ఎంతైనా రావచ్చు. అదే +2 ఉన్న విజార్డ్‌కి స్థిరంగా 32. ఫైటర్ వేసిన నాలుగు పాచికల మొత్తం 12 దాటలేదంటే వాడి హెచ్‌పీ ఆ 32ని మించదు. ఇరవై మంది ఫైటర్లలో ఒకరికి ఇలా జరుగుతుంది. వెనక నిలబడి మంత్రం వేసేవాడి కన్నా ముందుండి దెబ్బలు కాయాల్సినవాడు ముందే పడిపోతాడు.

కత్తి దెబ్బకి వేసిన పాచిక తప్పిందనుకో, మళ్ళీ వంతు వచ్చినప్పుడు ఇంకోటి వేస్తాం. హెచ్‌పీకి ఒకటి పడితే ఆ క్యారెక్టర్ ఉన్నన్నాళ్ళూ దాన్ని మొయ్యాల్సిందే. అందుకే క్యారెక్టర్ ఎన్నాళ్ళు బతకాలో ముందు చూసుకుని, తర్వాత పద్ధతి ఎంచుకో.

చిన్న లెవెళ్ళలో ఇది ప్రాణం మీదకే వస్తుంది. కాన్ +1 ఉన్న రెండో లెవెల్ విజార్డ్‌ని తీసుకో. పాచిక మీద 1 పడితే మొత్తం 9, స్థిరంగా తీసుకుంటే 12. ఓగర్ అనే రాక్షసుడు దుడ్డుకర్రతో క్రిటికల్ (డ్యామేజ్ పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) కొడితే సగటున 22 డ్యామేజ్. సున్నాకి దిగాక మిగిలిన డ్యామేజ్ గరిష్ఠ హెచ్‌పీకి సమానమైనా, మించినా అక్కడికక్కడే చావు. 9 ఉన్నవాడికి ఇంకా 13 మిగులుతుంది, చచ్చిపోయాడు. 12 ఉన్నవాడికి 10 మిగులుతుంది, స్పృహ తప్పుతాడు, క్లెరిక్ లేపుకోవచ్చు. ఎప్పుడో వేసిన ఒక్క పాచిక తేడా అది.

అలాగని పాచిక చెడ్డదని కాదు. ఈ ఆటని సృష్టించిన గైగాక్స్, ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి రూపంలో మొదటి లెవెల్ హెచ్‌పీకి కూడా పాచికే. చచ్చినవాడి బదులు కొత్తవాణ్ణి తయారు చెయ్యడం అప్పట్లో చిటికెలో పని, కాబట్టి చెల్లింది. దసరా సెలవుల్లో ఒక్క రాత్రి ఆటకైతే నువ్వూ నిశ్చింతగా పాచిక పెట్టు. రథయాత్రకి మొదలై సంక్రాంతి దాటే కథకి మాత్రం స్థిరమైన అంకే నా మాట. 2008లో వచ్చిన ఈ ఆట నాలుగో ఎడిషన్, ఇలాంటిదే ఇంకో ఆటైన పాత్‌ఫైండర్ 2019 నాటి రెండో ఎడిషన్ హెచ్‌పీ పాచికని పూర్తిగా తీసేశాయి.

పాచిక సరదా వదులుకోలేమని మీవాళ్ళు పట్టుబడితే చీటీలు పెట్టు. ఫైటర్‌కి 1 నుంచి 10 దాకా పది చీటీలు ఒక డబ్బాలో వెయ్యి. 6, 9 కింద గీత గియ్యి, లేకపోతే తిరగేసి చదువుతారు. లెవెల్ పెరిగినప్పుడల్లా ఒకటి తియ్యాలి, తీసినది మళ్ళీ వెయ్యకూడదు. పదకొండో లెవెల్‌కి పదీ అయిపోయి ఫైటర్లందరికీ చీటీల మొత్తం 55 సమానంగా వస్తుంది. ఈలోపు కూడా ఇందాకటి ఇరవైలో ఒకటి కాస్తా యాభైలో ఒకటికి తగ్గుతుంది. విజార్డ్‌కి ఆరు చీటీలు చాలు. అయిపోయాక మళ్ళీ నింపు.

‘పాచిక వేద్దాం, తక్కువ పడితే స్థిరమైనది తీసుకుందాం’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. ఆ లెక్కన డీ10 సగటు 7కి, డీ12 సగటు 8.25కి ఎక్కుతుంది. పార్టీ (క్యారెక్టర్ల జట్టు) బలిసిపోయి, నువ్వు పుస్తకం చూసి పెట్టిన పోరాటాలు చప్పబడతాయి. పాచికో, అంకో ముందే నోటితో చెప్పాలి. పాచికైతే అందరి ముందూ టేబుల్ మీదే పడాలి. గుణుపురం నుంచి రైల్లో వచ్చే అబ్బాయైనా సరే, ఇంట్లో వేసుకొచ్చాను అంటే చెల్లదు. ఏ లెవెల్‌కి ఎంత వచ్చిందో షీటు మీద విడివిడిగా రాయించు. కాన్ మాడిఫయర్ ఒకటి పెరిగితే వెనకటి లెవెళ్ళన్నిటికీ ఒక్కోటి చొప్పున కలుస్తుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

రాక్షసులకి మాత్రం నీ ఇష్టమొచ్చినట్టు పాచిక వేసుకో. ఓగర్‌కి 59 అని రాసున్నా పక్కనే 7డీ10+21 (ఏడు డీ10లు వేసి 21 కలపడం) కూడా ఇచ్చారు. వాడు బతికేది ఒక్క పోరాటమే కదా, 45 పడినా 70 పడినా ఎవరికీ అన్యాయం జరగదు.

ఇప్పుడున్న పార్టీ సంగతి. ఈసారి కూర్చోగానే, ఆట మొదలుపెట్టకముందే, స్థిరమైన లెక్క కన్నా తక్కువ ఉన్నవాళ్ళందర్నీ ఆ లెక్కకి పెంచు. ఎక్కువ ఉన్నవాళ్ళ దగ్గర ఒక్క పాయింటు కూడా తియ్యకు, వాళ్ళకి పడ్డది వాళ్ళదే. ఆరో లెవెల్ నుంచి అందరికీ ఒకే పద్ధతి. పోరాటం మధ్యలో ఆపేసి ఉంటే అది ముగిశాక, లాంగ్ రెస్ట్ (క్యారెక్టర్లు తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) అయ్యాక మార్చు.

మీ మావయ్య